ఉత్తరపు గాలి.. ఫానీ ఉత్తరాలు

ఒడ్డు కనిపిస్తోంది. రేవు ముందున్న కోట కనిపిస్తోంది. ఇంకాస్త దూరంలో మంచు కప్పుకున్న కొండ శిఖరం కూడా కనిపిస్తోంది. ఓడ మాత్రం రేవులోకి పోలేకపోతోంది! ఉత్తరం నుంచి ఒక్కసారిగా గాలి లేచింది. చూస్తుండగానే ఒడ్డు మాయమైపోయింది. ఓడ మళ్ళీ నడిసముద్రంలోకి కొట్టుకుపోయింది.

అది 1839 డిసెంబరు. ఆ ఓడలో ఉన్నావిడ పేరు ఫ్రాన్సెస్. ఇంట్లోవాళ్ళకి ఫానీ. క్యూబా దీవిలోని హవానాలో నవంబరు 24న ఓడెక్కింది. మెక్సికో దేశపు వెరాక్రూజ్ రేవులో కాలు పెట్టేసరికి డిసెంబరు 18 అయింది. గాలి కలిసొస్తే అందులో సగం రోజులు కూడా పట్టని ప్రయాణమది. ఓడలో మనిషన్నవాడికల్లా కడుపులో తిప్పుడే. ఆ ఊగులాటలోనే తల్లికీ అక్కచెల్లెళ్ళకీ ఉత్తరాలు రాస్తూ కూర్చుంది ఫానీ. ఆ ఉత్తరాలే తర్వాత పుస్తకమయ్యాయి. మెక్సికోలో చరిత్ర చదువుకున్న వాళ్ళకి ఇప్పటికీ ఆవిడ పేరు ఇంటి మనిషి పేరంత దగ్గర. పండుగ ఎలా చేసుకునేవాళ్ళు, ఏం తినేవాళ్ళు, బండి ఎక్కడ కూలబడేది, దొంగల భయం ఏ మలుపులో ఉండేది.. అన్నీ అందులో దొరుకుతాయి మరి!

ఇల్లు పోయిన పిల్ల

ఫానీ పుట్టింది 1804 డిసెంబరు 23న, స్కాట్లండులోని ఎడింబరోలో. తండ్రి విలియం ఇంగ్లిస్ లాయరు. ఇంటినిండా పిల్లలు, పుస్తకాలు, సంగీతం. నాలుగు భాషలు నేర్చుకుంది, పాడేది, బొమ్మలు వేసేది. ఆడపిల్లకి ఇవన్నీ సరదాకి నేర్పించే రోజులవి. ఆ సరదాలే ఒకనాడు కూడు పెడతాయని ఎవరనుకున్నారు?

1828లో తండ్రి దివాలా తీశాడు. పరువు పోయిన ఊళ్ళో ఉండలేక కుటుంబమంతా ఫ్రాన్సుకి తరలిపోయింది. రెండేళ్ళకి ఆయన కన్నుమూశాడు. భర్త పోయిన ఇల్లాలు కూతుళ్ళని వెంటబెట్టుకుని 1831లో అట్లాంటిక్ సముద్రం దాటి అమెరికాలోని బోస్టన్‌లో దిగింది. చేతిలో డబ్బుల్లేవు, చదువుంది. తల్లీకూతుళ్ళు కలిసి ఆడపిల్లల బడి తెరిచారు. ఫానీ టీచరమ్మ అయింది.

బడి బాగానే నడుస్తుండగా ఊళ్ళో పెద్దల్ని వేళాకోళం చేస్తూ పేరు లేని చిన్న పుస్తకం ఒకటి బయటికొచ్చింది. అది ఇంగ్లిసు అమ్మాయి పనేనని ఊరంతా అనుకుంది. పిల్లల్ని బడి మానిపించేశారు. నవ్వొచ్చింది చూస్తే రాయకుండా ఉండలేని చెయ్యి ఆవిడది. ఆ చెయ్యి ఆవిణ్ణి ఇబ్బంది పెట్టడం అదే ఆఖరుసారి కాదు.

ఆ రోజుల్లోనే చరిత్రకారుడు ప్రెస్కాట్ కుటుంబంతో స్నేహమైంది. ఆయన చూపు దాదాపు పోయిన మనిషి. మెక్సికో దేశాన్ని స్పానిష్ వాళ్ళు ఎలా గెలిచారో పెద్ద గ్రంథం రాస్తున్నాడు కానీ, ఆ దేశంలో అడుగుపెట్టి ఎరగడు! ఆ ఇంటి పరిచయాల్లోనే ఆంఖెల్ కాల్దెరోన్ దె లా బార్కా తారసపడ్డాడు. స్పెయిన్ దేశపు దౌత్యాధికారి, ఆమెకన్నా పధ్నాలుగేళ్ళు పెద్ద. 1838 సెప్టెంబరులో పెళ్ళయింది. అప్పటికి ఫానీకి ముప్ఫై మూడు దాటాయి. ఆ కాలం లెక్కలో పెళ్ళి ఆశ వదులుకోవాల్సిన వయసే!

మరుసటి ఏడే ఆయనకి మెక్సికో ఉద్యోగం వచ్చింది. మూడొందల ఏళ్ళు ఏలి, 1821లో వదులుకున్న దేశానికి స్పెయిన్ పంపిన మొట్టమొదటి రాయబారి ఆయన. ఎంత చిక్కు ఉద్యోగమో ఊహించండి. భార్య కట్టుకున్న బట్ట దగ్గర్నుంచి పెదవి విరుపు దాకా అన్నిటినీ ఊరు కళ్ళు చూస్తుంటాయి.

చలిగాలే దిక్కు

ఇంతకీ ఆ గాలి సంగతి చెప్పాలి. దానికి అక్కడి వాళ్ళ పేరు నోర్తె. అంటే ఉత్తరం. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఉత్తర అమెరికా మైదానాల మీది చల్లగాలి మెక్సికో సింధుశాఖలోకి దిగుతుంది. పొద్దున చెమటలు పట్టిన ఊళ్ళో సాయంత్రానికి దుప్పటి వెతుక్కోవాలి. వెరాక్రూజ్ రేవుకి ఉత్తరం వైపు సరైన అడ్డు లేదు. ఆ గాలి వీస్తుంటే ఓడలు దూరంగా పారిపోవాల్సిందే.

అయితే ఈ గాలి కాలంలోనే ఎందుకు బయల్దేరారు, ఎండాకాలంలో హాయిగా పోవచ్చుగా అనుకుంటున్నారా? అక్కడే ఉంది తంటా. ఎండలు ముదిరి వానలు పడ్డాయంటే వెరాక్రూజ్‌లో కామెర్లతో కూడిన విషజ్వరం.. అదే ఎల్లో ఫీవర్.. విరుచుకుపడేది. ఓడ దిగిన కొత్తవాళ్ళు వారం తిరక్కుండా పోయేవాళ్ళు. నోర్తె వీచినన్నాళ్ళూ జ్వరం తగ్గేది. చెడ్డగాలిని ఆ గాలి ఊడ్చేస్తుందని జనం నమ్మకం. నిజానికి పారిపోయేది దోమలు! దోమే ఈ జ్వరాన్ని మోస్తోందని హవానా డాక్టరు కార్లోస్ ఫిన్లే చెప్పింది 1881లో. అది రుజువైంది 1900లో. అంటే ఫానీ కాలంలో ప్రయాణికుడికి రెండే దారులు. సముద్రం మీద గాలికి భయపడాలి, లేదంటే ఒడ్డున జ్వరానికి భయపడాలి. తెలిసినవాళ్ళు గాలినే ఎంచుకునేవాళ్ళు.

వెరాక్రూజ్‌లో దిగాక మెక్సికో నగరం దాకా గుర్రపు కోచి బండి. దారిలో జనరల్ సాంతా ఆనా తోటలో ఫలహారం. ఏడాది కిందట ఫ్రెంచివాళ్ళతో జరిగిన పోరులో కాలు పోగొట్టుకున్న ఆ జనరల్‌ని చూసి, పాపం దిగులు కళ్ళ పెద్దమనిషి అనుకుంది ఫానీ. ఆ దిగులు మనిషే తర్వాత 1842లో తన తెగిన కాలికి సైనిక లాంఛనాలతో సమాధి కట్టించాడు. మనుషుల్ని చూడ్డంలో మొదటిచూపు ఎంత మోసం చేస్తుందో ఫానీ తర్వాత తానే ఒప్పుకుంది.

ఆ దారి ఎక్కుడు దారి. కొబ్బరిచెట్లూ ఇసుకా ఉన్న చోట మొదలవుతుంది. ఖలాపా చేరేసరికి పొగమంచు, సన్నటి తుంపర, పూలతోటలు. ఇంకా ఎక్కి పెరోతే దాటితే దేవదారు చెట్లు, ఒళ్ళు కొరికే చలి. సముద్ర మట్టం నుంచి రెండు వేల మీటర్లకి పైగా నాలుగైదు రోజుల్లో ఎక్కెయ్యాలి. మూడు కాలాల బట్టలూ ఒకే మూటలో ఉండాలన్నమాట. ముప్ఫై అయిదో పుట్టినరోజూ, క్రిస్మసూ ఆ కుదుపుల బండి ప్రయాణంలోనే గడిచాయి. డిసెంబరు 26న మెక్సికో నగరం చేరారు.

లంగా కోసం మంత్రుల రాక!

వచ్చి పది రోజులైనా కాలేదు, పెద్ద చిక్కు వచ్చిపడింది. బీదల సహాయార్థం వేషాల విందు. దానికి ఫానీ ప్యూబ్లా ప్రాంతపు ఆడవాళ్ళ దుస్తులు వేసుకోవాలని ముచ్చటపడింది. జరీ లంగా, కుట్టుపని చేసిన జాకెట్టు, భుజాల చుట్టూ రెబోసో అనే పొడవాటి కండువా. ఆ దేశపు బట్ట కడితే ఆ దేశాన్ని గౌరవించినట్టే కదా అనుకుంది పాపం. సంగతి ఊరంతా పొక్కింది. సాక్షాత్తూ మంత్రులే ఇంటికొచ్చి వద్దని బతిమాలారు. ఆ బట్ట మర్యాదస్తుల ఇళ్ళలో కట్టరట! రాయబారి భార్య కడితే అల్లరైపోతుందట. ఫానీ వెనక్కి తగ్గింది. ఇప్పుడు చూడండి.. అదే చీనా పోబ్లానా దుస్తులంటే మెక్సికో జాతీయ వేషం.

ఈ మాటకి మనకో చుట్టరికం కూడా ఉంది. ప్యూబ్లా వాళ్ళు చీనా పోబ్లానా అని మొదట పిలిచింది 17వ శతాబ్దంలో ఆ ఊళ్ళో బతికిన ఒక భారతీయ స్త్రీని. చిన్నపిల్లగా ఉన్నప్పుడు మన దేశంలో ఓడదొంగలు ఎత్తుకుపోయి అమ్మేస్తే, మనీలా మీదుగా మెక్సికో చేరింది. కాతరీనా దె సాన్ హువాన్ అని పేరు పెట్టారు. 1688లో ఆమె పోయినప్పుడు ఊరు ఊరంతా వెంట నడిచింది. ఆ దుస్తులు ఆమె కట్టినవే అని కథ చెప్తారు కానీ, అది నిజం కాదని చరిత్రకారుల మాట.

పంచదార పుర్రెలు

మెక్సికోలో అక్టోబరు చివరికి వానలు వెనక్కి తగ్గుతాయి. ఆకాశం కడిగినట్టుంటుంది. నవంబరు ఒకటీ రెండూ చనిపోయిన వాళ్ళ రోజులు. ఫానీకి మొదట కనిపించింది చర్చీల్లోని నల్లటి గుడ్డలు, మధ్యలో పుర్రె బొమ్మలు గీసిన ఖాళీ శవపేటిక. చూడగానే గుండె బరువెక్కింది. బయటికొచ్చి బజారులోని వరండాల కింద నడిస్తే అసలు తమాషా! వరసగా దుకాణాలు. వాటి మీద పళ్ళికిలిస్తూ పంచదారతో చేసిన పుర్రెలు. ముసలమ్మలు పిల్లల్ని పిలిచి పిలిచి అమ్ముతున్నారు. పుర్రెల పక్కనే పంచదార గొర్రెలు, గుర్రాలు, సమస్త జంతువులూ. మన సంక్రాంతి పంచదార చిలకలు గుర్తు రావడంలేదూ?

చచ్చినవాళ్ళ రోజున మిఠాయి ఏమిటని ఫానీ నోరు వెళ్ళబెట్టి ఊరుకోలేదు. నిలబడి చూసింది. ఆ రోజుల్లో యూరప్ నుంచి వెళ్ళినవాళ్ళు చాలామంది ఇలాంటివి చూసి మూఢనమ్మకమని ఒక్క మాటతో తోసేసేవాళ్ళు. ఆవిడ మాత్రం మిఠాయి రంగు దగ్గర్నుంచి రాసి పెట్టింది. పోయినవాళ్ళు ఆ రోజు ఇంటికొస్తారని, వాళ్ళకిష్టమైనవి వండి పెట్టి, దీపం వెలిగించి, బంతిపూలతో దారి పరచడం ఈనాటికీ అక్కడి పద్ధతి. మనం గుమ్మాలకి దండలు కట్టి, గొబ్బెమ్మలకి గుచ్చే ఈ బంతి పుట్టిల్లు మెక్సికోయే. స్పానిష్, పోర్చుగీసు ఓడలు తిరిగాకే మన పెరళ్ళకొచ్చింది.

ఆ రెండేళ్ళలో ఫానీ చూడనిది లేదు. 1840 జూలైలో వీధుల్లో ఫిరంగులు పేలుతుంటే ఇంట్లో చిక్కుకుపోయింది. పదహారు, పద్ధెనిమిదేళ్ళ పిల్లలు నగలన్నీ పెట్టుకుని వచ్చి, వాటిని తీసేసి సన్యాసినులై గోడల వెనక్కి వెళ్ళిపోవడం చూసి తల్లడిల్లింది. మొదట్లో ముక్కు మూసుకున్న పుల్కె అనే కల్లు, వెళ్ళేనాటికి ఇష్టమైపోయింది. అలాగని ఆమెని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఆదివాసుల గురించీ, పనివాళ్ళ గురించీ రాసేటప్పుడు మేడ మీంచి కిందికి చూసే దొరసాని మాట అక్కడక్కడా బయటపడుతుంది. చదువుతుంటే మనకి చివుక్కుమంటుంది.

బయట కొందరు, లోపల కొందరు

1840 డిసెంబరు 24 రాత్రి. ముందురోజే ముప్ఫై ఆరేళ్ళు నిండాయి. నగరంలో ఒక జమీందారిణి ఇంట్లో పోసాదా పండుగకి పిలుపొచ్చింది. పోసాదా అంటే బస, సత్రం. నిండు చూలాలు మరియమ్మ, భర్త యోసేపుతో బెత్లెహేములో తలదాచుకునే చోటు కోసం ఇల్లిల్లూ తిరిగిన కథే ఈ పండుగ. డిసెంబరు 16 నుంచి తొమ్మిది రాత్రులు చేస్తారు. అకోల్మాన్ ఊరి మఠంలోని గురువొకాయన 1587లో పోపు దగ్గర అనుమతి తెచ్చి మొదలుపెట్టిన పూజల్లోంచి ఇది పెరిగిందంటారు. అదే నెలలో ఆస్టెకులు తమ సూర్యదేవుడికి ఉత్సవం చేసేవాళ్ళు. పాత పండుగ నెలలోకే కొత్త పండుగ వచ్చి కూర్చుందన్నమాట.

ఆ రాత్రి అందరికీ తలో కొవ్వొత్తి ఇచ్చారు. పిల్లలూ పెద్దలూ, యజమానులూ నౌకర్లూ వరసకట్టి పాడుకుంటూ ఆ పెద్ద ఇంటి వసారాలన్నీ చుట్టారు. ముందు గాడిద మీద మరియమ్మ బొమ్మ. చివరికి ఒక గది తలుపు దగ్గర ఆగారు. సగం మంది లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. బయట చలి, చీకటి, ఇంత చోటివ్వమని పాటలో వేడుకోవడం. లోపల్నుంచి పాటలోనే పొమ్మనడం. ఎవరో దొంగలై ఉంటారని అనుమానం! మళ్ళీ వేడుకోలు. మళ్ళీ కసురు. వచ్చినదెవరో ఆఖరి చరణంలో తెలిసేసరికి తలుపులు బార్లా తెరుచుకుంటాయి.

బయట నిలబడ్డ ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి. ఎడింబరోలో ఇల్లు పోయింది. ఫ్రాన్సులో అద్దె ఇల్లు. బోస్టన్‌లో బడే ఇల్లు, అదీ పోయింది. మెక్సికోలో సర్కారు బస. ఎన్ని ఊళ్ళలో ఎన్ని గుమ్మాల ముందు నిలబడి ఉంటుంది! అయితే ఆ ఊసే ఎత్తలేదు ఫానీ. తన గురించి చెప్పుకునే అలవాటు ఆమెకి తక్కువ. పండుగ సంగతి మాత్రం గోరంత వదలకుండా రాసింది. లోపల గది నిండా మెట్లు కట్టి, నాచు పరిచి, మైనపు బొమ్మలు పెట్టారు. గొర్రెలు, కాపరులు, పచ్చటి చెట్లు, చిన్న చిన్న ఫౌంటెన్లు. అచ్చం మన బొమ్మల కొలువే! దేవదూత వేషం కట్టిన చిన్నపిల్ల చేతిలోంచి పసికందు బొమ్మని తీసుకుని గురువు ఊయల్లో పెట్టాడు. దాంతో పూజ ముగిసింది. ఇక దేవదూతలూ కాపరులూ అంతా కలిసి హాల్లోకొచ్చి భోజనాల వేళ దాకా నాట్యాలు! భక్తీ సరదా ఇలా ఒకే ఇంట్లో కాపురం చెయ్యడం ఆమెకి వింతగానూ ఉంది, నచ్చిందీ.

ఇప్పటికీ మెక్సికో వీధుల్లో ఆ తొమ్మిది రాత్రులూ ఈ పాటలు వినిపిస్తాయి. ఆఖర్న పిల్లలు కళ్ళకి గంతలు కట్టుకుని, వేలాడదీసిన రంగుకాగితాల పిన్యాతాని కర్రతో కొడతారు. వేరుశెనగలు, నారింజలు, చెరకు ముక్కలు జలజలా రాలతాయి. మన ఉట్టి ఆడవాళ్ళ కళ్ళ ముందు మెదలకుండా ఉంటుందా!

ఆఖరి ప్రయాణం గుర్రం మీద

1841లో కాల్దెరోన్ స్థానంలో స్పెయిన్ వేరే రాయబారిని పంపింది. సామాన్లు కట్టుకుని వెళ్ళిపోవాల్సిన నవంబరులో ఈ దంపతులు గుర్రాలెక్కి మిచోవకాన్ కొండలకేసి బయల్దేరారు! చూడాల్సింది ఇంకా మిగిలిపోయిందట. వానలు వెళ్ళి దారులు ఆరిన కాలం అది. పగలు మాడ్చే ఎండ, మొహం నిండా ధూళి. పొద్దుగూకితే వేళ్ళు కొంకర్లుపోయే చలి. ఎక్కడ పెద్ద తోట కనిపిస్తే అక్కడ బస. ముందుగా కబురు లేకుండా చీకటిపడి తలుపు తట్టినా భోజనం పెట్టి పక్క వేసిన ఇళ్ళని ఆమె మర్చిపోలేదు. మొరేలియా, పాట్స్‌క్వారో సరస్సు, ఉరువాపాన్ జలపాతాలు చూసి వచ్చారు.

మిచోవకాన్ కొండల్లో ఏటా సరిగ్గా నవంబరు మొదట్లో కోట్లాది సీతాకోకచిలుకలు కెనడా నుంచి ఎగిరొచ్చి దేవదారు కొమ్మలకి గుత్తులుగా వేలాడతాయి. అవి పోయినవాళ్ళ ఆత్మలని అక్కడి పల్లెల నమ్మకం. శాస్త్రజ్ఞులు ఆ చోటు కనిపెట్టింది 1975లో!

1842 జనవరిలో ఫానీ మెక్సికో వదిలింది. మళ్ళీ అదే వెరాక్రూజ్, అదే ఉత్తరపు గాలి కాలం.

1843లో ప్రెస్కాట్ ప్రోత్సాహంతో, ఆయన ముందుమాటతో పుస్తకం వెలువడింది. యాభై నాలుగు ఉత్తరాలు. రచయిత్రి పేరు ఉండాల్సిన చోట పొడి అక్షరాలూ గీతలే. దౌత్యాధికారి భార్య కదా! లోపల కలిసిన మనుషుల పేర్లకీ గీతలే. అయినా ఎవరికి తెలియదు? మెక్సికో పత్రికల్లో కొన్ని భాగాలు రాగానే గగ్గోలు పుట్టింది. మా ఉప్పు తిని మమ్మల్నే వెక్కిరించిందని నొచ్చుకున్నారు. వాళ్ళ బాధలోనూ న్యాయం ఉంది. నమ్మి ఇంట్లోకి పిలిచిన మనిషి వంటింటి సంగతులు వీధిలో పెడితే ఎవరికైనా మంటే. పైగా 1847లో అమెరికా సైన్యం వెరాక్రూజ్‌లో దిగి, ఆమె ఎక్కిన దారినే మెక్సికో నగరం మీదికి నడిచింది. ఆ అధికారుల చేతుల్లో ఈ పుస్తకం ఉంది. ప్రేమగా రాసిన దారి గుర్తులు దండుకి పనికొస్తాయని ఆమె అనుకుని ఉండదు.

ఆ ఏడే ఫానీ క్యాథలిక్ మతం తీసుకుంది. భర్త 1853లో స్పెయిన్ విదేశాంగ మంత్రి అయ్యాడు. మరుసటి ఏడు తిరుగుబాటు రావడంతో దేశం విడిచి పారిపోవాల్సొచ్చింది. 1856లో ఇంకో పుస్తకం రాసింది. ఈసారి పేరే కాదు, ఆడమనిషినన్న సంగతి కూడా దాచి, ఎవరో జర్మన్ కుర్రాడు రాసినట్టు వేయించింది! 1861లో భర్త పోయాడు. పిల్లల్లేరు. మఠంలో శేషజీవితం గడుపుదామనుకుంటే స్పెయిన్ రాణి కబురు పెట్టింది, కూతురు ఇసబెల్‌కి చదువు చెప్పమని. బోస్టన్ టీచరమ్మ మళ్ళీ టీచరమ్మ అయింది. రాజకుటుంబం దేశం వదిలి వెళ్ళినప్పుడు వెళ్ళింది, తిరిగొచ్చినప్పుడు వచ్చింది. 1882 ఫిబ్రవరిలో మాడ్రిడ్ రాజమందిరంలోనే కన్నుమూసింది.

ఆమెని తిట్టిపోసిన దేశమే 1959లో ఆ ఉత్తరాల్ని స్పానిష్‌లో వివరమైన నోట్సుతో అచ్చు వేసుకుంది. 1966లో ఫిషర్ దంపతులు ఆమె సొంత డైరీలు సంపాదించి, పుస్తకంతో పోల్చి, గీతల వెనకున్న మనుషుల పేర్లన్నీ పూరించి కొత్త ప్రతి తెచ్చారు. దాని అట్ట మీద ఫానీ కాల్దెరోన్ దె లా బార్కా అని పేరుంది.